గీతలో చిన్న మెట్టు

తిరువూరులో దత్తాత్రేయులు గురించి ఒక మాట ఉండేది. గుళ్లో అయ్యవారి కొడుకు ఇనుము మీద పరిశోధన చేస్తున్నాడట అని. ఇనుము కాదండీ, కోబాల్టు అని కొత్తలో అతను సరిదిద్దేవాడు. వినేవాళ్లకి ఏదైనా ఒకటేనని తెలిశాక మానేశాడు.

"ఇనుము మీద ఏం పరిశోధనండీ మాస్టారూ? తుప్పు పడుతుందా పట్టదా అనా?" అని వెంకటప్పయ్య నలుగురిలో అడిగేవాడు. ఆయన డిగ్రీ కాలేజీ కమిటీకి సెక్రటరీ. పెనుగొలనులో మాగాణి, తిరువూరు చివర పత్తి మిల్లు ఉన్నాయి. ఆయన హాస్యమాడితే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వడం ఆనవాయితీ.

"అదీ ఒక సంగతేనండి," అనేవాడు దత్తాత్రేయులు, తనూ నవ్వుతూ.

అందులో అబద్ధం లేదు. అతని పరిశోధనకి తుప్పే శత్రువు. చిన్న చిన్న గాజు పలకల మీద ఒక కోబాల్టు పొర, దాని మీద రాగి పొర, మళ్లీ కోబాల్టు పొర. వెంట్రుక మందాన్ని ముప్పై నలభై వేల వాటాలు వేస్తే ఒక వాటా ఎంతో, ఒక్కో పొర ఇంచుమించు అంత. ఆ పలకలు చేసే యంత్రం అతను చదివే యూనివర్సిటీలో లేదు. గైడు ప్రొఫెసర్ జోజప్ప ఎవరినో బతిమాలి, దూరపు ఊళ్లో ఒక పెద్ద ల్యాబులో ఒకే ఒక్కసారి చేయించాడు. మళ్లీ అడగడానికి నాకు మొహం లేదయ్యా, జాగ్రత్తగా వాడుకో అని అప్పుడే చెప్పాడు. అది తొంభై ఎనిమిదిలో.

దత్తాత్రేయులుది కాలేజీలో పార్టుటైము ఉద్యోగం. ఫిజిక్సులో పర్మనెంటు పోస్టు ఒకటి ఖాళీ అయింది. డాక్టరేటు ఉన్నవాళ్లకే ఇవ్వాలని కమిటీ తీర్మానించింది. ఇతను పట్టా తెచ్చుకునేదాకా ఆపుతామని వెంకటప్పయ్యే మాటిచ్చాడు. ఎల్లకాలం ఆపలేమనీ ఆయనే అన్నాడు.

పాఠం చెప్పడంలో మాత్రం అతను పార్టుటైము మనిషి కాదు. సిలబసులో లేకపోయినా ఏడాదికొకసారి ఫైనలియరు పిల్లలకి తన పని గురించి చెప్పేవాడు.

"కరెంటంటే ఎలక్ట్రాన్ల నడక. దానికి ఆవేశం ఉంటుందని మీకు తెలుసు. ఇంకోటి కూడా ఉంది, స్పిన్ అని. ప్రతి ఎలక్ట్రానూ ఒక బుల్లి అయస్కాంతం అనుకోండి. పైకి చూసేవి, కిందికి చూసేవి, రెండే రకాలు. ఇప్పుడు మన మార్కెట్ యార్డు రోడ్డు మీద రెండు గేట్లున్నాయి. రెండు గేట్ల దగ్గరా ఒకే పార్టీ మనుషులున్నారు. ఏమవుతుంది?"

"ఆ పార్టీ బళ్లు పోతాయండి. రెండో పార్టీ వాళ్లవి ఆపుతారండి."

"అయినా సగం బళ్లు జోరుగా పోతున్నాయి. రోడ్డు నడుస్తున్నట్టే. ఒక గేటు దగ్గర వీళ్లు, రెండో గేటు దగ్గర వాళ్లు ఉన్నారనుకో?"

"ఎవరి బళ్లూ సాఫీగా కదలవండి."

"అంతే. ఆ గేట్లే కోబాల్టు పొరలు. రెండూ ఒకే దిక్కుకి చూస్తే కరెంటు తేలిగ్గా పోతుంది. ఎదురుబొదురైతే కష్టంగా పోతుంది. కరెంటెంత పోతోందో కొలిస్తే గేటు ఎటు చూస్తోందో చెప్పొచ్చు."

"సార్, మరి మా నాన్న ఏ పార్టీ కాదండి," అన్నాడు రెడ్డిగూడెం కుర్రాడొకడు.

"మీ నాన్న మధ్యలో రాగి పొర. అందరి బళ్లూ ఆయన మీద నుంచే పోతాయి."

క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే అసలు సంగతి చెప్పేసేవాడు. కంప్యూటరు హార్డు డిస్కులో రాత అంటే పళ్లెం మీది పల్చటి అయస్కాంతపు పూత. అందులో చుక్క చుక్కా ఒక దిక్కుకి చూస్తూ ఉంటుంది. దాన్ని చదివే తలలో ఇప్పుడు ఇవే పొరలు వాడుతున్నారు. పళ్లెం గిర్రున తిరుగుతుంటే తల దాని మీద గాలి తెర మీద తేలుతుంది. మధ్యలో దుమ్ము రేణువు దూరే సందు కూడా ఉండదు. రేపటి రోజున ఈ పొరలతోనే కంప్యూటరు లోపలి జ్ఞాపకాన్నీ చేస్తారు. ఇప్పటిది చిల్లు కుండలో నీళ్లలాంటిది, పోస్తూనే ఉండాలి, కరెంటు పోతే కుండ ఖాళీ. అయస్కాంతం అలా కాదు. దిక్కు తిప్పి వదిలేస్తే కరెంటున్నా లేకపోయినా అటే చూస్తుంది.

రోజూ కరెంటు పోయే ఊళ్లో ఆ మాట విలువ పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు.

వేసవి సెలవులన్నీ అతను యూనివర్సిటీ ల్యాబులో గడిపేవాడు. తిరువూరు నుంచి బెజవాడకి బస్సు, అక్కణ్ణుంచి రైలు. పలకని ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచి, చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని మెల్లగా మారుస్తూ, అది కరెంటుని ఎంత అడ్డగిస్తోందో కొలవడం పని. అంకెల్ని గీతగా వేస్తే ఒక చిన్న కొండ రావాలి. పొరలు ఎదురుబొదురైనప్పుడు లేచి, మళ్లీ ఒకే దిక్కుకి తిరగ్గానే దిగిపోవాలి. లోకంలో అందరికీ అలాగే వస్తోంది.

ఒక పలకలో మాత్రం కొండ దిగే చోట చిన్న మెట్టు కనిపించింది. గీత దిగుతూ దిగుతూ కాసేపు చదునుగా నిలబడి, మళ్లీ దిగింది.

"నాయిస్ అయ్యా అది," అన్నాడు జోజప్ప. "పక్క గదిలో ఫ్రిజ్ ఆన్ అయ్యుంటుంది."

ఫ్రిజ్ వైరు పీకి మళ్లీ కొలిచాడు. మెట్టు వచ్చింది. మర్నాడు వచ్చింది. మరుసటి వేసవిలో, పలక కొంచెం పాతబడినా, కాస్త అరిగి వచ్చింది. జోజప్ప కళ్లజోడు నుదుటి మీదికి తోసి తెర దగ్గరికి వంగి చూశాడు. ఆ గుణం ఆయనకి నిజంగా ఆసక్తి పుట్టినప్పుడే వచ్చేది.

"పొర అటు నుంచి ఇటు తిరుగుతూ మధ్యలో ఎక్కడో ఆగుతోంది. అంతేనంటావా?"

"అంతేననుకుంటున్నానండి. రెండు దిక్కులే కాకుండా మూడోది కూడా నిలబడుతోందంటే, ఒక చుక్కలో రెండు రాతలకి బదులు మూడు రాయొచ్చు కదండి."

"ఎగరకు. అయినా ఇదే నీ థీసిస్. మిగతాదంతా దీనికి వాకిలి."

ఆ ల్యాబు కంప్యూటర్లో చోటు తక్కువ. ఎవరి అంకెలు వాళ్లు ఫ్లాపీల్లో పట్టుకుపోయి, అక్కడ చెరిపెయ్యాలన్నది పద్ధతి. దత్తాత్రేయులు ఫ్లాపీల్లో తెచ్చి తిరువూరులో ఇంటి కంప్యూటర్లోకి ఎక్కించి, అవే ఫ్లాపీల్ని చెరిపి మళ్లీ వాడేవాడు. మన గాలి తేమకి ఫ్లాపీలు బూజు పడతాయి, హార్డు డిస్కే నయం అని అతని నమ్మకం. మొత్తం సీడీ మీద రాయించాలని రెండువేల ఒకటి వేసవి నుంచీ అనుకుంటున్నాడు. బెజవాడ వెళ్లాలి. దసరా సెలవుల్లో వెళ్దామనుకున్నాడు.

దసరా అతనికి సెలవు కాదు. ఆయుధ పూజలకి తండ్రి వెళ్లేవాడు, మిల్లులకీ, లారీ షెడ్లకీ, ప్రెస్సుకీ. మోకాళ్లు పట్టేశాక ఆ తిరుగుడు కొడుకు మీద పడింది. కాలేజీలో మాస్టారూ అని పిలిచేవాళ్లే ఆ ఒక్కరోజూ పంతులుగారూ అనేవాళ్లు. తండ్రి ఒక నియమం పెట్టాడు: ఆగి ఉన్న యంత్రానికి పూజ చేయకూడదు, అది పీనుగుతో సమానం. లారీ ఇంజను ఆన్‌లో ఉండాలి, మిల్లు మోటారు తిరుగుతూ ఉండాలి. కొబ్బరికాయ ఆ యంత్రం దిమ్మ మీదే కొట్టాలి. తిరువూరులో అందరికీ అదే అలవాటైంది.

ఆ ఏడు వెంకటప్పయ్య మిల్లులో పత్తి గింజలు తీసే కొత్త జిన్నింగు యంత్రం దించాడు. పొద్దున్నే మొదటి పూజ అక్కడ. తర్వాత లారీలు, పిండి మరలు, వెల్డింగు షాపులు. తిరిగి తిరిగి దత్తాత్రేయులు ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పంచె మీద పసుపు, గ్రీజు. కుడిచెయ్యి భుజం దాకా లాగుతోంది.

రమాసుందరి గదిలో అన్నీ సిద్ధం చేసి ఉంచింది. అతని భార్య ఆమె. కాన్వెంటు బళ్లో తెలుగు చెబుతుంది. థీసిస్ టైపు చేసేది కూడా ఆమే. కొత్తగా ముగ్గేసిన నేల పాడవకుండా కంప్యూటరు పెట్టెని దించి పెద్ద పీట మీద పెట్టింది. కొబ్బరికాయ కొట్టే రాయీ అదే పీట మీద పెట్టింది. తెర మీద సరస్వతి బొమ్మ తెచ్చింది.

"ఆన్‌లోనే ఉంచాను. మీ నాన్నగారు అడుగుతారు కదా," అంది.

"మంచిపని చేశావు."

పెట్టెకి బొట్లు పెట్టాడు, పూలు వేశాడు. మంత్రం నోట్లో దానంతటది నడుస్తోంది. కాయ ఎత్తి, పొద్దుటి నుంచీ ఇనుప దిమ్మల మీద కొట్టిన ఊపుతోనే రాయి మీద కొట్టాడు. పీట ఎగిరిపడింది. కాయ రెండు సమమైన చెక్కలైంది. శుభం అంది రమాసుందరి.

హారతి ఇస్తుంటే వినిపించింది. టిక్. కాస్త ఆగి మళ్లీ టిక్.

"ఏవండీ, ఆ చప్పుడేంటి?"

తెర మీద సరస్వతి బొమ్మ చెక్కు చెదరకుండా ఉంది. ఆ బొమ్మ డిస్కు నుంచి కంప్యూటరు లోపలి చిల్లు కుండలోకి ముందే వచ్చి ఉంది కాబట్టి ఉంది. అది దత్తాత్రేయులుకి తెలుసు. ఆ చప్పుడేంటో కూడా తెలుసు. ఏడాదికొకసారి తనే పిల్లలకి చెబుతాడు, దుమ్ము రేణువు దూరే సందు లేదని. చేతిలో హారతి పళ్లెం అలాగే ఉంది. కర్పూరం ఆరిపోయేదాకా తిప్పాడు.

తర్వాత కంప్యూటర్ని ఆపి మళ్లీ పెడితే డిస్కు కనబడటం లేదని నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు వాక్యం ఒకటి వచ్చింది. ఎన్నిసార్లు పెట్టినా అదే వాక్యం.

మర్నాడు బస్టాండు ఎదురుగా ఉన్న ఏసోబు షాపుకి తీసుకెళ్లాడు. ఏసోబు కంప్యూటర్లు బాగుచేస్తాడు. డిస్కుని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"పళ్లేనికి తల తగిలిందండి సార్. కింద పడేశారా?"

"లేదు."

"ఎవరైనా గుద్దారా?"

షాపులో నలుగురైదుగురున్నారు. ఇద్దరు అతని పాత విద్యార్థులు.

"కరెంటు పోయింది. ఒక్కసారిగా," అన్నాడు దత్తాత్రేయులు.

తిరువూరులో అంతకంటే తేలిగ్గా నమ్మే కారణం లేదు. ఏసోబు తలూపి కరెంటువాళ్లని ఒక తిట్టు తిట్టాడు. సాయంత్రం ఎస్టీడీ బూతు నుంచి జోజప్పకి ఫోన్ చేసినప్పుడు కూడా నోటికి అదే వచ్చింది. ఫోన్ పెట్టేశాక బూతు బయట రమాసుందరి నిలబడి ఉంది.

"కరెంటెప్పుడు పోయిందండీ?"

"పోనీలే."

"ఆయనకైనా నిజం చెప్తే ఏం పోయేది?"

"నవ్వుతారు. ఫిజిక్సులో పీహెచ్‌డీ చేసేవాడు నడుస్తున్న డిస్కు పక్కన కొబ్బరికాయ కొట్టాడని యూనివర్సిటీ అంతా చెప్పుకుంటారు. పూజారి బుద్ధి అంటారు."

"నవ్వితే నవ్వుతారు. నవ్వినవాళ్లే తర్వాత పోనీ పాపం అని సంతకం పెడతారు."

అతను ఇంటి దారి పట్టాడు.

డిస్కుని హైదరాబాదు పంపించారు. పోయిన రాతలు తీసే కంపెనీ ఒకటి అక్కడ ఉందని ఏసోబు కనుక్కున్నాడు. వాళ్లు విప్పి చూసి, పళ్లెం మీద పూత వలయంలా లేచిపోయిందనీ, తీయడానికేం లేదనీ చెప్పి వెనక్కి పంపారు. దత్తాత్రేయులు భూతద్దంతో చూశాడు. అద్దంలాంటి పళ్లెం మీద గాజు గీరినట్టు ఒక చార. అందులో ఉన్నదంతా ఇప్పుడు పెట్టె మూలల్లో నల్లటి పొడి. ఆ పళ్లేన్ని గీకిన తలలోనూ తను కొలిచినవాటిలాంటి పొరలే ఉన్నాయి. భూతద్దం పక్కన పెట్టి చేతులు కడుక్కున్నాడు.

పలకలు ల్యాబులో ఉన్నాయి, మళ్లీ కొలవాలంటే వేసవి సెలవులు రావాలి. చేతిలో మిగిలింది ఒక కాగితం. జోజప్పకి చూపించడానికి తీసిన ప్రింటు. చుక్కల ప్రింటరు మీద, చిన్న సైజులో. మెట్టు ఉన్న చోట మూడు చుక్కలు దాదాపు ఒకే వరుసలో ఉన్నాయి. ఉందనుకున్నవాడికి మెట్టు, లేదనుకున్నవాడికి ప్రింటరు దోషం.

డిసెంబరుతో రిజిస్ట్రేషన్ గడువు అయిపోతుంది. ఇంకో రెండేళ్లు పొడిగిస్తే ఏదో ఒకటి చేయొచ్చని జోజప్ప ధైర్యం చెప్పి, విద్యుత్ అంతరాయం వల్ల డేటా నష్టమైందని తను సంతకం పెట్టి డాక్టరల్ కమిటీకి రాశాడు. పనిచేసే కాలేజీ కూడా ఆ కారణాన్ని ధ్రువీకరించి దరఖాస్తు పంపాలని వాళ్లన్నారు. దత్తాత్రేయులు ఆ కాగితం పట్టుకుని మిల్లుకి వెళ్లాడు.

వెంకటప్పయ్య పత్తి బోరాల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కాగితం చేత్తో దూరంగా పట్టుకుని చదివాడు.

"దసరా నాడా? మధ్యాహ్నమా?"

"అవునండి."

"మాస్టారూ, ఆ రోజు కరెంటు పోలేదు."

"మా వీధిలో పోయిందండి."

"మీ వీధికీ నా మిల్లుకీ ఒకటే లైను. కొత్త మిషను మీరే కదా పూజ చేసి వెళ్లారు. పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా ఒక్క రెప్పపాటు ఆగలేదు. మా వాళ్లందరికీ చెప్పుకున్నాను, పంతులుగారి చేతి చలవ అని. పండగని ఊరంతటికీ ఇచ్చారు కరెంటు. నేను సంతకం పెడతాను. ఊరందరికీ తెలిసిన అబద్ధం మీద పెట్టమనకండి."

దత్తాత్రేయులు నిలబడే జరిగింది చెప్పాడు. పీట, రాయి, కాయ. యంత్రాల హోరులో గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది. బోరాలు కుడుతున్న పుల్లమ్మ చెయ్యి ఆపి వింటోంది.

వెంకటప్పయ్య నవ్వలేదు. కుర్చీలో ముందుకి జరిగాడు.

"మెల్లగా చెప్పండి. ఆయుధ పూజ చేస్తే యంత్రం పాడైందంటారు."

"పూజ వల్ల కాదండి. దెబ్బ వల్ల."

"నాకు అర్థమవుద్దయ్యా. వీళ్లకి అర్థమవుద్దా?" పుల్లమ్మ వైపు చూడకుండానే గడ్డంతో చూపించాడు. "అదే రోజు, అదే చెయ్యి, నా మిషను మీద కాయ కొట్టింది. ఆ పూజలో దోషముందని నేనే రాసి స్టాంపు వేస్తే, రేపు ఇక్కడెవడికైనా వేలు నలిగితే ఎవర్ని అంటారు? మీ నాన్నగారిని మళ్లీ ఏ గుమ్మంలోకైనా పిలుస్తారా? మీరే ఆలోచించండి."

"మరి ఏం రాస్తారండి?"

"ఏదీ రాయను. ఇతను మా దగ్గర పనిచేస్తాడు, మంచివాడు అని రాస్తాను. అది నిజం."

అదే రాశాడు.

దత్తాత్రేయులు ఆ వారమే యూనివర్సిటీకి వెళ్లి జోజప్పకి అంతా చెప్పాడు.  విన్నాక ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

"మొదటి రోజే చెప్పుంటే పడీ పడీ నవ్వేవాణ్ణి," అన్నాడు. "ఆదివారం చర్చిలో చెప్పి వాళ్లనీ నవ్వించేవాణ్ణి. ఇప్పుడు నా సంతకంతో ఒక కారణం వాళ్ల దగ్గరుంది. రెండో కారణం ఇస్తే ఏమంటారో తెలుసా? రెండు కారణాలున్నవాడికి డేటాయే లేదంటారు."

"మీరు చూశారు కదండి."

"చూశాను. తెర మీద. నేను గైడుని. గైడు చూశానంటే అది సాక్ష్యం కాదు, మొహమాటం."

మళ్లీ ఆయనే అన్నాడు. "ఆ ప్రింటు మీద చుక్కలు కొలిచి, మధ్యలోవి నింపి, టేబుల్ తయారుచేసుకొచ్చిన వాళ్లున్నారు. నేను నీకు చెప్పడం లేదు. ఉన్నారని చెబుతున్నాను."

ఇంటికొచ్చాక ఆ పనీ చేసి చూశాడు. కొత్త డిస్కు వేయించిన కంప్యూటర్లో చిన్న ప్రోగ్రాము రాస్తే గీత నిమిషంలో వచ్చింది. కొండ, మెట్టు, అసలుదనిపించేలా అక్కడక్కడా చిన్న వణుకు. నిజంగా కొలిచినదానికంటే అందంగా ఉంది. రమాసుందరి వెనక నిలబడి చూసింది.

"దొరికిందా?" అంది. ఆమె గొంతులో ఆశ విని అతనికి భయం వేసింది. ఇంట్లో మనిషే పోల్చుకోలేకపోయింది.

"లేదు," అని చెరిపేశాడు.

డాక్టరల్ కమిటీ రెండువేల రెండు ఫిబ్రవరిలో పిలిచింది. అధ్యక్షురాలు ప్రొఫెసర్ శివపార్వతి. గట్టిదని పేరు, అన్యాయం చేస్తుందని పేరు లేదు. మిగిలిన ఇద్దరూ కాగితాలు తిరగేస్తున్నారు.

"కరెంటు పోయి డిస్కు పాడైందని మీ గైడు రాశారు. మీ కాలేజీ మీరు మంచివారని రాసింది. కారణం గురించి ఒక్క మాట లేదు. ఎందుకు?"

"కరెంటు పోలేదండి. నేను ఆయుధ పూజ చేస్తూ కొబ్బరికాయ కొట్టాను. డిస్కు తిరుగుతోంది."

ఒకాయన ఫక్కున నవ్వి దగ్గు కింద మార్చాడు. జోజప్ప తల వంచుకుని కూర్చున్నాడు.

"ఇది ఇప్పుడెందుకు చెబుతున్నారు?" అంది శివపార్వతి.

"నిజం కాబట్టి చెబుతున్నానండి."

"మొదటిది రాయించినప్పుడు కూడా మీరు అలాగే చెప్పుంటారు కదా."

దత్తాత్రేయులు లేచి, అడగకుండానే బోర్డు మీద గీత వేశాడు. ఏ క్షేత్రం దగ్గర లేచింది, ఎక్కడ దిగడం మొదలైంది, మెట్టు ఎక్కడ, ఎంత వెడల్పు, రెండో వేసవిలో ఎంత అరిగింది, అన్నీ చెప్పాడు. అంకెలు ఎక్కడా తడబడలేదు. నవ్వినాయన కూడా పెన్ను పక్కన పెట్టి విన్నాడు.

శివపార్వతి బోర్డు వైపు చాలాసేపు చూసింది. "మీకు గుర్తుందని నమ్ముతున్నాను," అంది. "గుర్తున్నది డేటా కాదు నాయనా. పలకలున్నాయా? మళ్లీ కొలిచి చూపించగలరా?"

"ఉన్నాయండి. పాతబడ్డాయి."

"గడువు పొడిగించడానికి నాకు ఆధారం కావాలి. మీ దగ్గర లేదు. పలకల్లో కనిపిస్తే మళ్లీ కొత్తగా దరఖాస్తు పెట్టుకోండి."

ఏప్రిల్లో జోజప్ప ల్యాబు తలుపు తీసి తనే పక్కన కూర్చున్నాడు. పలకలు తేమ తగలని గాజు పాత్రలోనే ఉన్నాయి, అయినా అంచుల్లో రంగు మారింది. మెట్టు చూపించిన పలకని ఎన్నిసార్లు చల్లబరిచి కొలిచినా గీత బలహీనంగా లేచి, బలహీనంగా, నున్నగా దిగింది.

"తుప్పు పట్టాక లేదంటే, ముందు లేదని కాదు," అన్నాడు జోజప్ప.

"ఉందనీ కాదు కదండి."

జోజప్ప లేచి పలకని మళ్లీ గాజు పాత్రలో పెట్టాడు.

కాలేజీ పోస్టు జూన్‌లో బెజవాడ నుంచి వచ్చిన డాక్టరు గారికి ఇచ్చారు. పార్టుటైము గంటలూ ఆయనకే కలిశాయి. వెంకటప్పయ్య పిలిచి నాలుగు మంచి మాటలు చెప్పాడు, తన స్నేహితుడి జూనియర్ కాలేజీలో పని ఇప్పించాడు. అక్కడ పాఠం చెప్పడం ఉండదు, లెక్కలు చేయించడం, పరీక్షలు పెట్టించడం. మరుసటి ఏడు తండ్రి పోయాడు. గుడి అతని చేతికొచ్చింది. పొద్దున అర్చన, తర్వాత ఇంటర్ లెక్కలు. దసరాకి ఎవరైనా పిలిస్తే ఒంట్లో బాగాలేదనేవాడు. మెల్లగా మిల్లులవాళ్లు మైలవరం నుంచి వేరే ఆయన్ని తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

మెట్టు గురించి ఇంట్లో ఎత్తేవాళ్లు కాదు. అతను మాత్రం గుడికి నడుస్తూనో, పరీక్ష హాల్లో కాపలా కాస్తూనో ఆ గీతని మనసులో వేసుకునేవాడు. డిస్కులో తల ఎన్నిసార్లు చదివినా రాత మారదు. మనిషి సంగతి అలా కాదని అతనికి అనుమానం మొదలైంది. ఒకరోజు మెట్టు వెడల్పుగా కనిపించేది. ఇంకో రోజు ఇరుగ్గా. కమిటీ ముందు గడగడా చెప్పిన అంకెల్లో కొన్ని, అవి కొలిచినవో, ప్రోగ్రాములో తను వేసినవో విడదీయలేకపోయాడు. ఫ్రిజ్ వైరు నిజంగా మూడోసారి కూడా పీకే ఉందా అని ఒక మధ్యాహ్నం భార్యని అడిగాడు.

"నాకేం తెలుసండీ, నేనక్కడ లేను," అంది రమాసుందరి. తర్వాత చెయ్యి పట్టుకుని, "పీకే ఉంటారు," అంది.

రెండువేల ఏడు అక్టోబరులో నోబెల్ ప్రకటన వచ్చింది. ఒక ఫ్రెంచి శాస్త్రవేత్తకీ, ఒక జర్మన్ శాస్త్రవేత్తకీ, అయస్కాంతపు పొరల్లో కరెంటు నడకని కనుక్కున్నందుకు. పేపర్లో డిస్కు బొమ్మ వేశారు. డిగ్రీ కాలేజీలో దాని మీద పిల్లలకి ఒక గంట చెప్పించాలనుకున్నారు. ఉన్న ఫిజిక్సు లెక్చరర్ పరిశోధన వేరే విషయం మీద. వెంకటప్పయ్యే మనిషిని పంపి దత్తాత్రేయుల్ని పిలిపించాడు.

హాలు నిండింది. కూర్చున్నవాళ్లలో ఎవరూ అతని విద్యార్థులు కాదు. వెంకటప్పయ్య ముందు వరుసలో చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. అతను రెండు గేట్ల కథ చెప్పాడు. పిల్లలు నవ్వారు. డిస్కు గురించి చెప్పాడు, రేపు రాబోయే అయస్కాంత జ్ఞాపకం గురించి చెప్పాడు. ఇప్పుడు జేబుల్లో పాటల పెట్టెలు పెట్టుకు తిరుగుతున్నారంటే ఈ పొరల వల్లనే అన్నాడు.

"పంతులుగారూ, మీరు చేసిన పనీ ఇదే కదా అప్పట్లో?" అని వెంకటప్పయ్య గట్టిగా అడిగాడు. ఆ గొంతులో ఎకసెక్కం లేదు. గర్వంగానే అడిగాడు. "మీరు చూసిందేదో కూడా చెప్పండి పిల్లలకి."

పిల్లలంతా అతని వైపు చూశారు. రమాసుందరి చివరి వరుసలో ఆడపిల్లల పక్కన కూర్చుని ఉంది. దత్తాత్రేయులు బోర్డు వైపు తిరిగి గీత మొదలెట్టాడు. చదునుగా వచ్చింది, లేచింది, కొండ శిఖరం దాటింది. దిగే చోట సుద్దముక్క ఆగింది. హాల్లో ఫ్యాన్ల చప్పుడు వినిపిస్తోంది. రమాసుందరి కొంచెం ముందుకి వంగింది.

అతను గీతని నున్నగా కిందికి దించేశాడు.

"ఇదేనండి," అన్నాడు. "అందరికీ ఇలాగే వస్తుంది. రాసుకోండి."

పిల్లలు నోట్సుల్లో ఎక్కించుకున్నారు.